తూలడానికొక తూనిక

తెలుగు పాఠం చెప్పినవారెవరికైనా టుగాగమసంధి అనగానే నాలుక మీదికి వచ్చే ఉదాహరణల్లో తూగుటుయ్యాల ఒకటి. తూగు, ఉయ్యాల కలిసినప్పుడు నడుమ టకారం వచ్చి చేరిన మాట. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద దీన్ని విడదీసి చూపించాను గాని, ఆ తూగు అన్న క్రియలో ఎంత అర్థం ఇమిడి ఉన్నదో ఉద్యోగ విరమణ తర్వాతనే నాకు పట్టింది. బ్రౌను నిఘంటువు తెరిస్తే తూగడమంటే ఊగడం, తూగడమంటే కునికిపాట్లు పడడం, తూగడమంటే త్రాసులో బరువుకు సరిపోవడం. తూనిక, తూకం ఈ ఇంటి బిడ్డలే. కదలడానికీ కొలవడానికీ మన పూర్వులు ఒక్క మాటే వాడుకున్నారన్నమాట. త్రాసు ముల్లు అటూ ఇటూ ఊగి ఎక్కడో ఒకచోట నిలిస్తేనే కదా తూకం తేలేది.

ఈ మాటల వెంట పడడానికి కారణం వ్యాకరణం కాదు, నా పూర్వవిద్యార్థి ఒకడు. నలభై దాటినవాడు. కోదాడ బస్టాండులో మిట్టమధ్యాహ్నం బస్సు దిగి, రెండడుగులు వేసి, పక్కనున్న గోడను పట్టుకొని నిలబడ్డాడు. చూసినవారు "పొద్దుగాలనే పట్టించిండు" అన్నారు. అతడు కల్లు గాని సారా గాని ముట్టినవాడు కాడు. అతనికున్నది మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు. ఆ సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చొని అతడన్న మాట ఇది: "నేను తూలుతున్ననని అందరు అంటరు సార్. ఎంత తూలుతున్ననో మాత్రం ఒక్కరు చెప్పరు."

వ్యాకరణం చదువుకున్నవాడికి ఈ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటుంది. గుణాన్ని చెప్పే మాట ఉన్నది, పరిమాణాన్ని చెప్పే మాట లేదు. అప్పటి నుంచి దొరికినంత మేరకు చదివాను. మనిషి నిలకడను కొలవడానికి వైద్యులు పడిన పాట్ల చరిత్ర నూటెనభై ఏళ్ళది. అందులో నాకు అర్థమైనంత మిత్రులతో పంచుకుంటున్నాను. నేను వైద్యుణ్ణి కాను, తప్పులుంటే తెలిసినవారు దిద్దాలి.

ముందు జబ్బు సంగతి. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి బయలుదేరే నరాల తంతువులకు మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. కరెంటు తీగకు రబ్బరు తొడుగు వంటిదని పోలిక చెబుతారు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి ఈ తొడుగు మీద దాడి చేయడం ఈ జబ్బు. తొడుగు ఊడినచోట వార్త ఆలస్యంగా పోతుంది, లేదా పోనే పోదు. ఎక్కడ ఊడుతుందన్నదానికి నియమం లేదు గనుక ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి అరికాలు మొద్దుబారుతుంది, ఒకరికి చిన్నమెదడు దెబ్బతిని చేయి వణుకుతుంది. నిలకడకు ఇవన్నీ కావాలి. అందుకే ఈ రోగుల్లో చాలామందికి ఏదో ఒక దశలో నిలకడ తప్పుతుంది. ఆస్ట్రేలియా, స్వీడన్, బ్రిటన్, అమెరికా దేశాల సమాచారాన్ని కలిపి 2015లో ప్రచురించిన పరిశీలనలో మూడు నెలల వ్యవధిలో కనీసం ఒక్కసారి పడినవారు సగానికి పైగా ఉన్నారు.

కొలత చరిత్ర బెర్లిను నగరంలో మొదలైందనవచ్చు. మోరిట్జ్ హైన్రిష్ రోంబెర్గ్ అనే వైద్యుడు 1840, 1846 సంవత్సరాల నడుమ నరాల జబ్బుల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. సిఫిలిస్ వల్ల వెన్నుపాము వెనుకభాగం క్షీణించిన రోగులను అతడు పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నాడు. నిలబడ్డారు. కళ్ళు మూసుకోమన్నాడు. ఊగిపోయారు. అంతే పరీక్ష. ఖర్చు లేదు, పనిముట్టు లేదు. ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే తూలే రోగులను ఆ కాలపు వైద్యులు ఎరుగుదురు. వెలుతురులో నడవగలిగి చీకట్లో పడిపోయే రోగిని గురించి ఇంగ్లండులో మార్షల్ హాల్ 1836లోనే చెప్పి ఉన్నాడు. రోంబెర్గ్ చేసింది ఆ సంగతిని పరీక్షగా మార్చడం.

ఇందులోని తర్కం నాకు ఎంతో నచ్చింది. మనం నిటారుగా ఉన్నామా లేదా అని మెదడుకు సాక్ష్యం చెప్పేవారు ముగ్గురు: కన్ను, లోపలి చెవి, పాదాల నుంచీ కీళ్ళ నుంచీ వచ్చే స్పర్శజ్ఞానం. ముగ్గురిలో ఒకరు తప్పుకున్నా తక్కిన ఇద్దరితో కొంతవరకు పని జరుగుతుంది. పాదాల సాక్షి ముందే మూగబోయి ఉంటే, కన్ను మూయగానే ఒక్క చెవి మాత్రమే మిగులుతుంది. అప్పుడు మనిషి ఊగుతాడు. కళ్ళు తెరిచి ఉండగానే ఊగేవాడికి రోగం వేరేచోట, ఎక్కువగా చిన్నమెదడులో ఉంటుంది. ఈ తేడా తెలియక రోంబెర్గ్ పరీక్షను చిన్నమెదడు పరీక్ష అనుకోవడం నేటికీ కనిపించే పొరపాటు. మా విద్యార్థికి రెండు లోపాలూ ఉన్నాయి. తెల్లవారుజామున, కరెంటు పోయినప్పుడు, స్నానం చేస్తూ తల మీద నీళ్ళు పోసుకునేటప్పుడు పడ్డానని అతడు చెప్పినప్పుడు నాకు రోంబెర్గ్ రోగులు కళ్ళకు కట్టారు.

అయితే అది అవును, కాదు అని మాత్రమే చెప్పే పరీక్ష. ఎంత అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు అప్పటికి పేరే లేదు. మూడవ జార్జి రాజుకు మనుమడైన అగస్టస్ డెస్టే అనే ఆయన 1822లో చూపు మసకబారడంతో మొదలై క్రమంగా కాళ్ళ పటుత్వం తప్పేదాకా తన దినచర్యలో రాసుకున్నాడు. 1848లో చనిపోయేనాటికి తన జబ్బేమిటో అతనికి గాని అతని వైద్యులకు గాని తెలియదు. ఆ పేరు 1868లో పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో ఉపన్యాసాలతో స్థిరపడింది. కనుగుడ్లు కొట్టుకోవడం, పని చేయబోతే చేయి వణకడం, మాటలు విరిచి విరిచి పలకడం ఈ జబ్బుకు గుర్తులన్నాడు.

షార్కో గురించి ఒక కథ ఉన్నది. 1893లో అతడు చనిపోయినప్పుడు శిష్యుడు ఫ్రాయిడ్ రాసిన సంస్మరణ వ్యాసంలోనిది. చేతుల వణుకు వల్ల ఎక్కడా పని దొరకని ఒక స్త్రీని షార్కో ఇంట్లో పనికి పెట్టుకున్నాడట. ఆమె పగలగొట్టిన పళ్ళేలూ గిన్నెలూ ఏళ్ళ మీద చిన్న ఆస్తి అంత ఖరీదు చేశాయట. అయినా ఉంచుకున్నాడు. ఆమె మరణించాక మెదడునూ వెన్నుపామునూ పరీక్షించి, ఆ వణుకుకు కారణం ఈ గట్టిపడిన మచ్చలేనని నిరూపించాడు. ఫ్రాయిడ్ దీన్ని గురువు శాస్త్రనిష్ఠకు ఉదాహరణగా చెప్పాడు. నాకు మాత్రం ఆ స్త్రీ వైపు నుంచి చూడబుద్ధి అవుతుంది. పగిలిన పళ్ళేల లెక్కే ఆమె జబ్బుకు తొలి కొలత. పక్కవారి నష్టంతో మన రోగాన్ని లెక్కించే అలవాటు ఇంకా పోలేదు.

ఊగడాన్ని అంకెలలోకి దించే ప్రయత్నం ఆ శతాబ్దంలోనే జరిగింది. జర్మనీలో కార్ల్ ఫీరోర్ట్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు మనిషి నెత్తిన సన్నని ములుకు అమర్చి, దాని పైన మసిపట్టించిన కాగితం ఉంచాడు. మనిషి కదలకుండా నిలబడ్డాననుకుంటాడు. పైన ములుకు మసి మీద గజిబిజి గీతలు గీస్తూనే ఉంటుంది. ఆరోగ్యవంతుడు సైతం స్తంభంలా నిలబడడు, నిరంతరం కొద్దికొద్దిగా పడబోతూ నిరంతరం సరిదిద్దుకుంటూ ఉంటాడు. పాఠశాల ప్రార్థనలో కదలకుండా నిలబడలేదని పిల్లల్ని గద్దించిన సందర్భాలు ఇది చదివినప్పుడు గుర్తుకొచ్చి కొంచెం సిగ్గుపడ్డాను. మసికాగితం స్థానంలోకి ఇరవయ్యో శతాబ్దిలో బరువు ఎటు మొగ్గుతున్నదో చెప్పే పలకలు వచ్చాయి. 1970ల నుంచి అమెరికాలో నాష్నర్ వంటివారు ఆ పలకనే కదిలించి, చుట్టూ ఉన్న గోడను సైతం కదిలించి, ముగ్గురు సాక్షులనూ విడివిడిగా అడ్డప్రశ్నలు వేసే యంత్రాలకు దారి తీశారు.

ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా వచ్చిన కొలబద్ద జాన్ కుర్ట్‌స్కే అనే అమెరికా వైద్యుడిది. క్షయకు వాడే ఐసోనయజిడ్ మందు ఈ రోగులకు పనికి వస్తుందేమో చూడబోయి, మేలు జరిగిందో లేదో చెప్పడానికి కొలతే లేదని గ్రహించాడు. మందు పనికి రాలేదు గాని కొలత మిగిలింది. 1955లో సున్న నుంచి పది దాకా మెట్లు కట్టాడు. 1983లో ఒక్కొక్క మెట్టును సగానికి విడగొట్టాడు. లోకమంతా వాడేది ఇదే. నాలుగో మెట్టు మీద ఉన్నవాడు ఆగకుండా 500 మీటర్లు నడవగలడు. అయిదో మెట్టుకు అది 200 మీటర్లు అవుతుంది. ఆరుకు చేరితే ఒక చేతికర్ర ఆసరాతో 100 మీటర్లు. ఏడుకు చక్రాల కుర్చీ.

దీని మీద నిపుణుల ఫిర్యాదు ఒకటున్నది, నాకూ సబబుగానే తోస్తుంది. పైమెట్లలో దూరం తప్ప మరేదీ మాట్లాడదు. అర కిలోమీటరు నడిచినవాడు గోడలు పట్టుకుంటూ నడిచాడా, దారి పొడుగునా పడతానేమోనన్న దిగులుతో నడిచాడా అన్నది ఆ అంకెకు ఎక్కదు. దూరం వేరు, నిలకడ వేరు.

నిలకడ కొలతలు వచ్చింది వృద్ధుల వైద్యం నుంచి. 1989లో కెనడాలో కేథరిన్ బెర్గ్ అనే ఫిజియోథెరపిస్టు పద్నాలుగు పనుల పట్టిక ప్రకటించింది. ఒక్కొక్క పనికి సున్న నుంచి నాలుగు మార్కులు, మొత్తం 56. బడిపంతులుకు ఇంతకంటె సులువుగా అర్థమయ్యే పద్ధతి లేదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం, రెండు నిమిషాలు ఊరికే నిలబడడం, కళ్ళు మూసుకొని పది సెకన్లు నిలబడడం, చేయి చాచి ముందుకు వంగడం, నేల మీది వస్తువు తీయడం, వెనక్కి తిరిగి చూడడం, చుట్టూ తిరగడం, ఒక పాదం ముందు మరొక పాదం ఆనించి నిలబడడం, చివరికి ఒంటికాలి మీద పది సెకన్లు. మన తొక్కుడుబిళ్ళ ఆడపిల్లలు చివరి ప్రశ్నకు నూటికి నూరు తెచ్చుకుంటారు. 1991లో పాడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే కాలాన్ని గడియారంతో కొలిచారు. ఇరవై సెకన్లలోపు అయితే చాలావరకు ఒంటరిగా తిరగగలరు, ముప్పై దాటితే ఇతరుల తోడు కావాలి అన్నది వారి అంచనా. అది బలహీనులైన వృద్ధుల లెక్క.

ఈ పట్టికలను మల్టిపుల్ స్క్లిరోసిస్ వారికి వాడితే చిక్కు వచ్చింది. జబ్బు తొలిదశలో ఉన్న ముప్పై ఏళ్ళవాడికి బెర్గ్ పరీక్షలో 56కు 54 వస్తుంది, అయినా ఇంటికి పోతూ పడతాడు. ప్రశ్నపత్రం తేలిక అన్నమాట. మొదటి తరగతి పిల్లలకిచ్చే కూడికలతో పదో తరగతి వాడి లోపం పట్టలేము. ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన ఫే హోరాక్ బృందం 2009లో నిలకడను ఆరు విభాగాలుగా విడదీసి పెద్ద పరీక్ష కట్టింది. మరుసటి ఏడు దాన్ని పద్నాలుగు అంశాలకు, 28 మార్కులకు కుదించారు. అందులో ఒకటి రోగిని చేతుల మీదికి వాల్చుకొని, చెప్పకుండా చేతులు తీసేసి, ఎన్ని అడుగులు వేసి నిలదొక్కుకుంటాడో చూడడం. మరొకటి ఆ మూడు మీటర్ల నడకే, నడుస్తూ నూటి నుంచో మరొక అంకె నుంచో మూడేసి తీసేస్తూ లెక్క చెప్పాలి. మా వాడు తొంభై ఏడు, తొంభై నాలుగు అన్నాడట, తొంభై ఒకటి దగ్గర కాలు ఆగిపోయిందట. నడకకు అతని మెదడు అంతా ఖర్చవుతున్నదని, లెక్కకు మిగలడం లేదని ఫిజియోథెరపిస్టు చెప్పాడు. బస్టాండులో ఫోను మోగితే ఎందుకు పడబోతాడో అప్పుడు తెలిసింది.

హోరాక్, ఆమె సహచరులు 2008లో చూపిన మరొక సంగతి: ఈ రోగుల కాలికింది పలకను హఠాత్తుగా కదిపితే కండరాలు స్పందిస్తాయి గాని ఆలస్యంగా స్పందిస్తాయి, ఆ ఆలస్యానికి పాదం నుంచి మెదడుకు వార్త నెమ్మదిగా చేరడానికీ సంబంధం ఉన్నది. బలం లేక కాదు, వేళకు కబురందక పడుతున్నారు.

ఇక మన నల్లగొండ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఈ జిల్లాలో ఎవరి కాలు తడబడినా మొదటి అనుమానం నీళ్ళ మీదికే పోతుంది. అది అకారణం కాదు. 1937లో షార్ట్, అతని సహచరులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు పెరిగి, వెన్నుపాము నలిగి, కాళ్ళు పడిపోయినవారి గురించి రాశారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కుర్ట్‌స్కే మెట్లు కట్టిన సంవత్సరమే. ఆ జబ్బు నాడీ లక్షణాలను దీర్ఘకాలం పరిశీలించి రాసినవారిలో హైదరాబాదు న్యూరోసర్జను డి. రాజారెడ్డి గారు ముఖ్యులు. ప్రాచీన నాణేల పరిశోధకులుగా ఈ బ్లాగు చదివేవారిలో కొందరికి ఆయన పేరు తెలిసే ఉంటుంది. ఫ్లోరోసిస్ గ్రామాల్లో వాడే పరీక్షల్లో ఒకటి కూడా నాణెం పరీక్షే కావడం చిత్రం. నేల మీద నాణెం వేసి, మోకాళ్ళు వంచకుండా తీయమంటారు. గడ్డం ఛాతీకి ఆనించమంటారు. చేతులు మెడ వెనక్కి పెట్టమంటారు. బెర్గ్ పట్టికలోనూ నేల మీది వస్తువు తీయడం ఉన్నది గదా. పని ఒక్కటే, అడిగే ప్రశ్న వేరు. అక్కడ నడుము వంగుతుందా అని, ఇక్కడ వంగినప్పుడు మనిషి నిలుస్తాడా అని. మా వాడు నాణెం సునాయాసంగా తీశాడు. లేచేటప్పుడు తూలాడు. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు సాగర్ ఎడమకాలువ కింద ఉన్నవి, మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడు తాకిడి ఎక్కువ. అయినా రెండేళ్ళపాటు అతని బంధువులు నీళ్ళనే తిట్టుకున్నారు. ఎమ్మారై తీసేదాకా అసలు జబ్బు పేరు వినలేదు. భారతీయులకు ఇది అరుదని పూర్వం పుస్తకాలు అనేవి. ఎమ్మారై యంత్రాలు విస్తరించాక పట్టుబడుతున్నవారు పెరిగారు.

మన ఎండల సంగతి కూడా ఇక్కడిదే. 1890లో ఊతోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు శ్రమ చేసినప్పుడు ఈ రోగుల చూపు తాత్కాలికంగా మసకబారడం గమనించాడు. అసలు కారణం శ్రమ కాదు, ఒంటివేడి అని తర్వాత తేలింది. తొడుగు ఊడిన నరం వేడెక్కితే వార్తను మోయలేదు. ఎమ్మారై లేని కాలంలో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయేమో చూసేవారు. మనకు తొట్టి అక్కరలేదు, మే నెల చాలు. పొద్దున ఏడింటికి కొలిచిన మనిషి వేరు, మధ్యాహ్నం రెండింటికి కొలిచిన మనిషి వేరు. చల్లదేశాల్లో పుట్టిన ఈ పట్టికల్లో వేళ రాసే గడి లేకపోవడం మనవంటివారికి పెద్ద లోపం.

కొలత ఎందుకంత ముఖ్యమో చట్టం దగ్గర తేలుతుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వర్గాలే ఉండేవి, మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు లేదు. 1985లో ముంబయిలో మొదలైన ఈ రోగుల సంఘం వంటివి ఏళ్ళ తరబడి అడగగా, 2016 చట్టం 21 వర్గాల్లో దాన్ని పేరు పెట్టి చేర్చింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అయితే ముఖ్యమైన రాయితీలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నదని ధ్రువపత్రం కావాలి. మా వాడు ఒక శిబిరానికి పోయాడు. ఉదయం పూట, చల్లని గదిలో, కుర్చీలో కూర్చోబెట్టి కాలు ముందుకు నెట్టమన్నారు, వెనక్కి లాగమన్నారు. బలం నిండుగా ఉన్నది. కళ్ళు మూయించలేదు, నిలబెట్టలేదు. వచ్చిన శాతం నలభైకి చాలలేదు. ఆ వైద్యుణ్ణి తప్పుపట్టను, వరుసలో వందమంది ఉన్నారు. కాని రోంబెర్గ్ పరీక్షకు పట్టేది అర నిమిషం.

రెండోసారి పోయేటప్పుడు ఫిజియోథెరపిస్టు రాసిచ్చిన కాగితం వెంట తీసుకుపోయాడు. నడక సెకన్లు, 28కి వచ్చిన మార్కులు, కళ్ళు మూసినప్పుడు ఎన్ని సెకన్లు నిలిచాడో, పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత అన్నీ అందులో ఉన్నాయి. ఆ దరఖాస్తుకు పైలేఖ నేను రాశాను. 'తూలుట' అన్న మాట వాడలేదు, అంకెలే వేశాను. ఫలితం ఇంకా రావలసి ఉన్నది.

ఇప్పుడతడు నెలకోసారి ఇంట్లోనే కొలుచుకుంటున్నాడు. వరండాలో కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరాన ముగ్గుపిండితో గీత గీసి, కూతురు ఫోనులో గడియారం పట్టుకొని ఒక అడుగు వెనుకగా నడుస్తుంది, పడితే పట్టుకోవడానికి. సెకన్లు ఆ పిల్లే నోటుబుక్కులో రాస్తుంది. మొన్న చూపించింది. డిసెంబరులో పన్నెండు, ఏప్రిల్‌లో పదిహేడు. పక్కన గడి గీసి వేళ కూడా వేసింది.